చెడ్డరోజున ఆ స్కూల్లో ఏం జరుగుతుంది?

(ఆటిజం, ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత కుదరక, ఒళ్లు ఆగక ఇబ్బందిపడే స్థితి, ఈ రెండూ ఉన్న పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినపడుతోందా? సరే.

మీరు ముందే రాసి పంపిన ప్రశ్నలు చూశాను. చాలావరకు ఒకటే ప్రశ్న. "మా బాబుని స్పెషల్ స్కూల్లో వెయ్యాలా, మామూలు స్కూల్లో వెయ్యాలా?" దీనికి జవాబు చెప్తాను, కానీ ఇప్పుడే కాదు. అక్కడి నుంచి మొదలుపెడితే స్కూలు బోర్డు చూసి నిర్ణయం తీసేసుకుంటాం. ముందు పిల్లల్ని చూద్దాం.

ఆటిజం ఒక్కటే ఉన్న పిల్లలకి ఎలాంటి క్లాసు కావాలో చెప్పడం కొంత నయం. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్నా అంతే. రెండూ కలిసినప్పుడే చిక్కు. డాక్టర్లు డయాగ్నసిస్‌కి వాడే డీఎస్‌ఎం అనే పుస్తకం ఉంది, మీలో చాలామంది రిపోర్టుల్లో ఆ పేరు చూసే ఉంటారు. 2013లో దాని ఐదో కూర్పు వచ్చేదాకా, ఆటిజం అని రాసిన పిల్లలకి ఏడీహెచ్‌డీ అని కూడా రాయడానికి ఆ పుస్తకం ఒప్పుకునేది కాదు. రెంటిలో ఏదో ఒకటి. ఇప్పుడు చూస్తే, ఆటిజం ఉన్న పిల్లల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉన్నవాళ్లు ఒక అధ్యయనంలో 30 శాతం, ఇంకో దాంట్లో 70 శాతం పైన. అంకె ఏదైనా చిన్నది కాదు. అయినా స్కూళ్ల తయారీ అంతా ఇప్పటికీ ఒక్కో పేరుకి విడివిడిగానే ఉంది. "మా దగ్గర ఆటిజం పిల్లలు బాగా సెటిలవుతారండీ" అని నమ్మకంగా చెప్పే స్కూల్లో మీ పాప సెటిలవ్వకపోవచ్చు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చెప్పింది సగం పాప గురించి.

ఈ రెండూ ఎదురుబొదురుగా ఎలా లాగుతాయో చూడండి. ఆటిజం వైపు నుంచి పిల్లాడికి రోజూ ఒకేలా ఉండాలి. అదే కుర్చీ, అదే వరస, ముందే చెప్పిన టైమ్‌టేబుల్. ఏడీహెచ్‌డీ వైపు నుంచి కొత్తదనం కావాలి, మూడోరోజుకే అదే వర్క్‌షీట్ కనిపిస్తే మనసు ఎటో వెళ్లిపోతుంది. ఒకవైపు నిశ్శబ్దం కావాలి. ఇంకోవైపు కదలాలి, కుర్చీ ఊపాలి, తనే నోటితో చప్పుడు చెయ్యాలి. పక్కవాడు చేసే చప్పుడుకి చెవులు మూసుకుంటూ తను మాత్రం బల్ల మీద దరువేసే పిల్లలు మీ ఇళ్లలో లేరా? (నవ్వులు) చేతులెత్తారుగా, చాలు.

అందుకని చాలా క్రమశిక్షణగా, అన్నీ గీత గీసినట్టు నడిచే స్కూల్లో వేస్తే మొదటి నెల హాయిగా ఉంటుంది. తర్వాత విసుగు, తర్వాత అల్లరి, ఆ తర్వాత "మీవాడు కావాలనే చేస్తున్నాడు" అని కబురు. సరే, స్వేచ్ఛగా ఉండే స్కూలు చూద్దామని గోడలు లేని పెద్ద హాలు, గుంపులు గుంపులుగా ప్రాజెక్టులు, గంటకో కొత్త ఆట ఉన్న చోట వేస్తారు. అక్కడ వాడు పొద్దున్న ఎగిరి గంతేస్తాడు, మధ్యాహ్నానికి బల్లకింద దూరతాడు. ఇలా స్కూళ్లు మార్చీ మార్చీ, లోపం పిల్లాడిలోనే ఉందనుకునే దశకి వచ్చిన తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తుంటారు.

కాబట్టి వెతకాల్సింది ఆటిజం స్కూలూ కాదు, ఏడీహెచ్‌డీ స్కూలూ కాదు. ఈ క్షణంలో ఈ పిల్లలో ఏది మాట్లాడుతోందో గుర్తుపట్టగలిగే మనుషులు ఉన్న చోటు కావాలి. ఉదాహరణకి, పిల్లాడు క్లాసు మధ్యలో లేచి వెళ్లిపోయాడు. ట్యూబ్‌లైట్ గుయ్‌మంటోందని వెళ్లాడా? కూర్చుని కూర్చుని ఒళ్లు ఆగక వెళ్లాడా? లెక్క రాక వెళ్లాడా? కిటికీ దగ్గర ఏదో కనిపించిందా? బయటికి కనిపించేది ఒకటే పని. చెయ్యాల్సింది మాత్రం నాలుగు రకాలు. చప్పుడుకి లేచినవాడికి పరుగు పెట్టే బ్రేక్ ఇస్తే ఇంకా రేగుతాడు. ఒళ్లు ఆగనివాడిని చీకటి మూలలో కూర్చోబెడితే అదే అవుతుంది. లేచిన ప్రతిసారీ "కూర్చో" అనే టీచర్ దగ్గర, ఆవిడ ఎంత మంచిదైనా, మీ పిల్లలకి కష్టమే.

ఇప్పుడు మీ హోంవర్క్. స్కూళ్లు చూడ్డానికి బయల్దేరే ముందు మీ పిల్లల గురించి ఒక పేజీ రాయండి. రిపోర్టు జిరాక్స్ వద్దు. రిపోర్టులో స్కోర్లుంటాయి, దాన్నిబట్టి టీచర్‌కి రేపు పొద్దున్న ఏం చెయ్యాలో తెలీదు. ఏ పూట తల బాగా పనిచేస్తుంది, ఏది ముట్టుకుంటే ఒంటికి పడదు, మాటతో చెప్తే అందుతుందా, బొమ్మ చూపిస్తే అందుతుందా, ఒకేసారి ఎన్ని సూచనలు గుర్తుంటాయి, కోపం వచ్చేముందు ఒంట్లో కనిపించే మొదటి గుర్తు ఏంటి, వచ్చాక దేనితో తగ్గుతుంది. ఇష్టాలు కూడా రాయండి. రైళ్లంటే పిచ్చి ఉంటే రైళ్లని రాయండి, లెక్కలు రైళ్లతో చెప్పే టీచర్ దొరకొచ్చు.

రాసేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి. రసెల్ బార్క్‌లీ అని ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలుగా పనిచేసిన అమెరికన్ సైకాలజిస్ట్ ఉన్నారు. ఆయన చెప్పే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. తనని తాను అదుపు చేసుకోవడం, పనులు వరసలో పెట్టుకోవడం, టైమ్ తెలుసుకోవడం, ఇలాంటి వాటిలో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు వయసు కన్నా దాదాపు 30 శాతం వెనక ఉంటారని. అంటే పదేళ్ల పిల్లాడికి బ్యాగు సర్దుకోవడంలో ఏడేళ్ల పిల్లాడికి ఇచ్చే సాయం ఇవ్వాలి. అదే పిల్లాడు లెక్కల్లో పన్నెండేళ్ల వాళ్లతో పోటీ పడుతుండొచ్చు. "ఇంత తెలివైనవాడు డైరీ రాసుకోలేడా?" అని అడిగే స్కూల్లో ఈ పిల్లలు నలిగిపోతారు. రాసుకోలేడు. రెండూ వేరువేరు పనులు.

ఇక స్కూలు చూడ్డం. ఓపెన్ డే రోజు వెళ్లకండి. ఆరోజు స్కూలు పెళ్లిచూపులకి ముస్తాబైనట్టు ఉంటుంది. (నవ్వులు) అడిగి, మామూలు రోజున వెళ్లండి. వెళ్లాక మిమ్మల్ని కంప్యూటర్ ల్యాబుకీ స్విమ్మింగ్ పూల్‌కీ తీసుకెళ్తారు. చూడండి, తప్పులేదు. కానీ ఒక పీరియడ్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే ఆ ఐదు నిమిషాలు వరండాలో నిలబడి చూడనివ్వమని అడగండి. ఇంటర్వెల్‌లో చూడనివ్వమనండి. మన పిల్లల గొడవలు చాలావరకు పాఠం జరుగుతుండగా రావు. బెల్ కొట్టాక, లైన్లో నిలబడేటప్పుడు, అన్నాల దగ్గర, బస్సెక్కే ముందు వస్తాయి. ఒక పని ఆపి ఇంకో పనిలోకి మారడం ఆటిజం ఉన్న పిల్లలకి కష్టం, మారే దారిలో దృష్టి మళ్లకుండా ఉండటం ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి కష్టం. మనవాళ్లకి రెండు కష్టాలూ ఒకే వరండాలో ఎదురవుతాయి. మారబోతున్నామని ఐదు నిమిషాల ముందు చెప్తున్నారా? గోడమీద రోజు వరస బొమ్మల్లోనో మాటల్లోనో కనిపిస్తోందా? వరండాలో పెద్దవాళ్లెవరైనా ఉన్నారా, అందరూ స్టాఫ్ రూమ్‌లోకి వెళ్లిపోయారా?

శబ్దం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాఠం జరిగేటప్పుడు క్లాసులోకి వచ్చే ఇతర శబ్దం 35 డెసిబెల్స్ దాటకూడదని, చప్పుడు ఆగాక గదిలో మిగిలే మోత 0.6 సెకను దగ్గర ఆగిపోవాలని ఉంది. 35 అంటే గుసగుస కన్నా కాస్త ఎక్కువ. మీరు మీటర్ పట్టుకెళ్లక్కర్లేదు. ఖాళీ క్లాసులో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు గదిలో కాసేపు తిరిగితే, ఆ గదిలో ముప్పైమంది కుర్చీలు ఒకేసారి జరిగినప్పుడు మీ పాపకి ఎలా ఉంటుందో తెలుస్తుంది. గది బాగాలేదంటే స్కూలే వద్దని కాదు. కుర్చీకాళ్లకి రబ్బరు తొడుగులు వేస్తారా, హెడ్‌ఫోన్స్ పెట్టుకోనిస్తారా అని అడగండి. ఆ జవాబు గది కన్నా ముఖ్యం. బాత్రూమ్ తప్పకుండా చూడండి. వాసనకో, చేతులారబెట్టే మెషిన్ మోతకో భయపడి పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆపుకునే పిల్లలున్నారు. ఆపుకున్న పిల్లాడికి మధ్యాహ్నం పాఠం ఎలా ఎక్కుతుంది? ఇదెవరూ చెప్పరు, మీరే చూసుకోవాలి.

క్లాసులో కూర్చోనిస్తే, పిల్లల ముందున్న పనిని చూడండి. అమెరికాలో నార్త్ కరొలైనా యూనివర్సిటీలో ఎరిక్ షోప్లర్ అనే సైకాలజిస్ట్ 1972లో మొదలుపెట్టిన టీచ్ (TEACCH) అనే పద్ధతి ఉంది, ఆటిజం పిల్లల కోసం. అందులో పిల్లలకి పనిచ్చేటప్పుడు నాలుగు సంగతులు కళ్లకి కనపడాలంటారు. ఏం చెయ్యాలి, ఎంత చెయ్యాలి, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, తర్వాతేంటి. తమాషా ఏంటంటే ఈ నాలుగూ ఏడీహెచ్‌డీ పిల్లలకి కూడా అంతే అవసరం, వాళ్లకి గుర్తుండవు కాబట్టి. రెండువైపులా పనికొచ్చేవి కొన్నే ఉంటాయి, ఇది అందులో ఒకటి. "పేజీ 42 తియ్యండి, మొదటి మూడు చెయ్యండి, తర్వాత పుస్తకం ఇటు పెట్టండి" అని టీచర్ ఒక్క ఊపిరిలో చెప్పి ఊరుకున్నారా, బోర్డు మీద కూడా రాశారా? ఆ ఒక్కటి గమనించినా మీకు చాలా తెలుస్తుంది.

ఇప్పుడు మాటలు. ప్రిన్సిపల్‌తో మాట్లాడటం మర్యాద, క్లాస్ టీచర్‌తో మాట్లాడటం అవసరం. రోజుకి ఆరేడు గంటలు ఉండేది ఆవిడ దగ్గర. టీచర్‌ని కలవనివ్వని స్కూలైతే అది కూడా మీకొచ్చిన ఒక జవాబే.

అడగాల్సిన ప్రశ్నలు నాలుగైదు పేజీలు ప్రింట్ తీసుకెళ్లేవాళ్లని చూశాను. అన్నీ అడిగే టైమ్ ఉండదు. ఒక్కటే అడగాల్సి వస్తే ఇది అడగండి: "మా బాబుకి చెడ్డరోజు వచ్చింది. చెవులు మూసుకుని అరుస్తున్నాడు, పుస్తకం విసిరేశాడు. ఆ తర్వాత పది నిమిషాల్లో ఇక్కడ ఏం జరుగుతుంది?" అడిగి ఊరుకోండి. మీరు మధ్యలో సాయం చెయ్యకండి.

"మా దగ్గర అలాంటివి జరగవండీ" అన్నారనుకోండి. జరగవు అంటే అలాంటి పిల్లలని ఉంచుకోరని అర్థం కావచ్చు. "వెంటనే మీకు ఫోన్ చేస్తాం, వచ్చి తీసుకెళ్లండి" అంటే, నెలలోపు మీ ఉద్యోగం ఇబ్బందిలో పడుతుంది, పైగా అరిస్తే ఇంటికెళ్లొచ్చని పిల్లాడికి తెలిసిపోతుంది. "క్లాసు బయట నిలబెడతాం", "ఇంటర్వెల్ కట్ చేస్తాం" అంటే ఇక లేచి రావచ్చు. కదలక పిచ్చెక్కిపోతున్న పిల్లాడికి ఉన్న ఒక్క పరుగునీ తీసేస్తే మధ్యాహ్నం ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గదిలో పెట్టి తలుపేస్తాం, పట్టుకుని కూర్చోబెడతాం అని ఎవరైనా మామూలుగా అనేస్తే, ఆ స్కూలుకి ఎంత పేరున్నా వద్దు.

మంచి జవాబు ఎలా ఉంటుందంటే, ముందు మాటలు తగ్గిస్తామంటారు. మెల్ట్‌డౌన్‌లో, అంటే తట్టుకోలేక అదుపు తప్పిన స్థితిలో ఉన్న పిల్లలకి సలహాలు ఎక్కవు. మిగతా పిల్లల్ని పక్కకి తీసుకెళ్తాం, ఫలానా మేడమ్ వచ్చి దగ్గర కూర్చుంటారు, ఫలానా గది ఉంది, తగ్గాక నీళ్లిస్తాం, వెంటనే పుస్తకం తియ్యమనం. సాయంత్రం, అంతకు ముందు ఏం జరిగిందో రాసుకుంటాం. ఈ చివరి మాట వినిపిస్తే నేను ఆ స్కూలుకి మార్కులు వేసేస్తాను. జరిగినదానికి శిక్ష వెతికే స్కూళ్లు చాలా ఉన్నాయి, కారణం వెతికేవి తక్కువ. "మాకు ఇంతవరకు ఇలాంటి పిల్లలు రాలేదు, మీరు చెప్తే నేర్చుకుంటాం" అన్నా నాకు అభ్యంతరం లేదు. ఎన్నో సర్టిఫికెట్లున్న చోట కన్నా అలాంటి చోట బాగుపడ్డ పిల్లలున్నారు.

ఆ శాంతంగా కూర్చునే గది గురించి ఒక్క మాట. చాలా స్కూళ్లు ఇప్పుడు సెన్సరీ రూమ్ అని చూపిస్తున్నాయి, రంగు లైట్లు, బీన్ బ్యాగులు, ఫొటోకి బాగుంటాయి. తాళం ఎవరి దగ్గరుంటుందో, పిల్లలు తమంతట తాము అడిగి వెళ్లొచ్చో లేదో కనుక్కోండి. తప్పు చేస్తే పంపే గదైతే అది శిక్షే, లోపల ఏ లైట్లు పెట్టినా.

"మేం అందరినీ సమానంగా చూస్తాం" అనే మాట కూడా తరచుగా వింటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ మన పిల్లలకి పరీక్షలో ఎక్కువ టైమ్ కావాలి, చేతిలో ఏదో ఒకటి నలుపుకోవాలి, మధ్యలో లేచి నీళ్లు తాగొచ్చే వీలుండాలి. అవి ఇస్తారా అని పేరుపెట్టి అడగండి. గోడమీద అందరి పేర్లూ రాసి, ఎర్ర చుక్క, పచ్చ చుక్క పెట్టే చార్ట్ ఉంటే దాన్నీ గమనించండి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి శుక్రవారం వచ్చే బహుమతి సోమవారం పనిచెయ్యదు, మెచ్చుకోలు అక్కడికక్కడే అందాలి. రోజూ ఎర్ర చుక్కే వచ్చే పిల్లాడు నేర్చుకునేది తను చెడ్డవాడినని మాత్రమే.

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం, స్పెషలా మామూలా. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2006లో చేసిన ఒప్పందంలో 24వ అధికరణం అందరితో కలిసి చదువుకోవడం హక్కు అంటుంది. 2016లో దానికి వివరణ ఇస్తూ, క్లాసులో ఏ మార్పూ చెయ్యకుండా పిల్లల్ని మామూలు స్కూల్లో కూర్చోబెట్టినంత మాత్రాన అది ఇన్‌క్లూజన్ కాదని కూడా స్పష్టంగా చెప్పారు. ఈ రెండో మాట మన స్కూళ్లకి ఎక్కువ అవసరం. నా మొగ్గు మామూలు స్కూలు వైపే, మార్పులు చేసే మామూలు స్కూలు వైపు. అది దొరకనప్పుడు, పిల్లలు రోజూ భయపడుతూ గడిపే మామూలు స్కూలు కన్నా, నవ్వుతూ నేర్చుకునే స్పెషల్ స్కూలు నయం. అక్కడ కూడా అడగండి: పాఠాలు ఎంతవరకు చెప్తారు, లెక్కల్లో ముందున్న పాపని ముందుకి వెళ్లనిస్తారా, మాట్లాడగలిగే తోటి పిల్లలున్నారా? కొందరు సగం రోజు ఇక్కడ, సగం రోజు అక్కడ చేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ రోజుకి ఇంకో మార్పు పెరుగుతుంది. మీ పిల్లలకి మార్పు ఎంత భారమో తూచి చూసుకోండి.

షాడో టీచర్, అంటే ఆ ఒక్క పిల్లాడి పక్కనే కూర్చుని సాయం చేసే మనిషి, ఉంటేనే సీటు అని కొన్ని స్కూళ్లు షరతు పెడతాయి. షాడో వల్ల మేలుంది. కానీ చాలాచోట్ల క్లాస్ టీచర్ ఇక ఈ పిల్లాడి వైపు చూడరు, ఏదున్నా షాడోతోనే మాట్లాడతారు. తోటి పిల్లలూ అంతే, మధ్యలో ఎప్పుడూ ఒక పెద్దమనిషి కూర్చుంటే స్నేహం ఎలా కలుస్తుంది? ఎవరి కింద పనిచేస్తారు, ఏ పీరియడ్లలో ఉంటారు, ఎప్పటినుంచి తగ్గిస్తారు, ఈ మూడూ కాగితం మీద పెట్టించుకోండి.

చివరి నిర్ణయానికి ముందు పిల్లల్ని తీసుకెళ్లండి. రెండు మూడు రోజులు ట్రయల్ అడగండి, ముందే గది ఫొటోలు, టీచర్ ఫొటో చూపించండి. అక్కడ నవ్వాడా లేదా అన్నదాని కన్నా ఇంటికొచ్చాక ఎలా ఉన్నాడో చూడండి. స్కూల్లో బుద్ధిగా, అందరిలాగే ఉండి, ఇంటి గుమ్మం దాటగానే విరుచుకుపడే పిల్లలున్నారు. ముఖ్యంగా ఆడపిల్లల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది. పొద్దంతా బిగబట్టి దాచుకున్నదంతా ఇంట్లో బయటికొస్తుంది. అప్పుడు టీచర్, "మా దగ్గర బంగారంలా ఉంటుంది, మీరే ఇంట్లో గారం చేస్తున్నారేమో" అంటే, మీ మాట నమ్మే స్కూలు వెతుక్కోవడం మంచిది.

ప్రశ్నలు తీసుకుందాం.

(ఒక తల్లి: మేడమ్, డయాగ్నసిస్ చెప్తే సీటు ఇవ్వరేమోనని భయం. చెప్పకుండా చేర్పించొచ్చా?)

భయం న్యాయమేనమ్మా. కానీ దాచి చేర్పిస్తే, మనం ఇంతసేపూ చెప్పుకున్న ఏ సాయమూ అడగలేరు. మొదటి మెల్ట్‌డౌన్‌తో సంగతి ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు మాట్లాడుకోవాల్సింది మీరు దాచిన విషయం అవుతుంది, బాబు అవసరాలు కాదు. చెప్పండి, కానీ రిపోర్టు బల్ల మీద పెట్టి కాదు, ఆ ఒక్క పేజీతో మొదలుపెట్టండి.

(ఒక తండ్రి: మందులు వాడితేనే ఉంచుకుంటామంటున్నారు సార్... సారీ, మేడమ్.)

(నవ్వులు) పర్లేదు సార్. మందులు వాడాలా వద్దా అనేది మీరూ డాక్టరూ తేల్చుకునే విషయం. క్లాసులో ఏం గమనించారో స్కూలు రాసివ్వొచ్చు, అది డాక్టర్‌కి చాలా ఉపయోగం. కానీ మాత్ర వేస్తేనే సీటు అనే హక్కు వాళ్లకి లేదు. వాళ్లు చెయ్యాల్సిన మార్పులు ఏం చేశారో ముందు అడగండి. ఇంకో సంగతి, ఏడీహెచ్‌డీ మందు ఏకాగ్రతకి పనికొస్తుంది. వరండాలో మోతని తగ్గించదు.

(ఇంకో తల్లి: చేర్పించి రెండు నెలలైంది. రోజూ ఏడుపే. ఇంకెంతకాలం చూడాలి?)

మొదటి వారాల ఏడుపుని బట్టి నిర్ణయించకండి, కొత్త చోటు ఏ పిల్లలకైనా కష్టమే. ఏడుపు తగ్గుతూ వస్తోందా, అలాగే ఉందా, పెరుగుతోందా అని చూడాలి. నిద్ర చెడిందా? సెలవు అయిపోయే రాత్రి కడుపునొప్పి వస్తోందా? ఇదివరకు వచ్చిన పనులు, మాటలు, బట్టలు వేసుకోవడం లాంటివి పోతున్నాయా? పోతుంటే రెండు నెలలు కాదు, రెండు వారాలు కూడా ఎక్కువే, మీ డాక్టర్‌తో కూడా మాట్లాడండి. అంత లేకపోతే టీచర్‌తో కూర్చుని ఒకే ఒక్క మార్పు అడగండి. పొద్దున్న అందరికన్నా పది నిమిషాలు ముందు క్లాసులోకి రానివ్వమనండి, ఎక్కువసార్లు గొడవ అక్కడే మొదలవుతుంది. ఒప్పుకున్నారా, చేశారా, మూడోవారం కూడా గుర్తుపెట్టుకుని చేస్తున్నారా చూడండి. అది కూడా చెయ్యని చోట ఏడాది చివరిదాకా ఆగాల్సిన పనిలేదమ్మా. మధ్యలో మార్చినా ఫరవాలేదు, కొత్త స్కూలు వాళ్లని మాత్రం ఆ చెడ్డరోజు ప్రశ్న అడిగే చేర్పించండి.